మా పాపకి మార్ఫిన్ పెడతామంటున్నారు, ఒప్పుకోవాలా?

సిక్కోలు_అమ్మ | సోమవారం, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. ఇన్ని రోజులూ మీరు రాసేవి చదవడమే, నేను రాయడం ఇదే మొదలు.

మా పాపకి ఆరేళ్లు. ఏఎల్ఎల్ అనే రక్త క్యాన్సర్ అని ఐదు నెలల కిందట తెలిసింది. అప్పటి నుంచి నేనూ పాపా హైదరాబాద్‌లోనే ఉంటున్నాం. మా ఆయన ఊళ్లో బాబునీ పొలాన్నీ చూసుకుంటున్నారు. పోయిన వారం హైడోస్ మెథోట్రెక్సేట్ అనే కీమో మందు ఎక్కించారు. నాలుగో రోజుకి నోరు పూసింది. పెదవులు, బుగ్గల లోపల, నాలుక కింద అంతా తెల్లగా పొక్కిపోయింది. రెండు రోజులుగా ఉమ్మి కూడా మింగలేక నోటి దగ్గర గుడ్డ పెట్టుకుని కూర్చుంటోంది.

ఈ రోజు రౌండ్స్‌లో పెద్ద డాక్టర్ గారు చూసి, "పారాసిటమాల్ సరిపోవడం లేదమ్మా, మార్ఫిన్ డ్రిప్ మొదలుపెడదాం" అన్నారు. మా ఆయనకి ఫోన్ చేస్తే వద్దంటే వద్దన్నారు. మా అత్తగారు క్యాన్సర్‌తోనే పోయారు. ఆఖరి పది రోజులూ ఆమెకి ఆ మాత్రలే ఇచ్చారు. ఆయన మనసులో మార్ఫిన్ అంటే అదే. "ఇక ఏమీ లేదని మనకి చెప్పకుండా పెడుతున్నారేమో, అడుగు" అన్నారు. డాక్టర్ గారిని ఆ మాట అడగడానికి నాకు నోరు రాలేదు. రేపు చెప్తామని వచ్చేశాను.

ఇప్పుడు పాప నా కొంగు పట్టుకుని పైకప్పు చూస్తూ పడుకుంది. ఏడిస్తే నోరు మండుతుందని ఏడవడం కూడా మానేసింది. ఇది అనుభవించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

నల్గొండ_నాన్న | సోమవారం, రాత్రి 12:20

చెల్లీ, మా వాడికి అప్పుడు ఎనిమిదేళ్లు. అదే జబ్బు, అదే మందు, నోరు కూడా ఇట్లనే అయింది. తొమ్మిది రోజులు మార్ఫిన్ డ్రిప్ మీద ఉన్నాడు. కౌంట్స్, అంటే రక్తకణాల లెక్క, పెరగడం మొదలైనంక నోరు దానంతట అదే మానింది. డ్రిప్ రోజురోజుకీ తగ్గించి తీసేశారు. ట్రీట్‌మెంట్ అయిపోయి మూడేళ్లయింది. ఇప్పుడు బడికి పోతున్నాడు, పచ్చిపులుసు కలుపుకొని రెండు పళ్లాలు తింటున్నాడు.

నేను కూడా మొదట వద్దన్న. మీ ఆయనలాగే భయపడ్డ. రెండు రోజులు ఆపిచ్చిన. మూడో రోజు మావాడు పలక మీద రాసి చూపించిండు, "నాన్న నేను ఏం తప్పు చేసిన" అని. నొప్పి శిక్ష అనుకున్నడు పిల్లగాడు. సంతకం పెట్టిన. ఆ రాత్రి ఆరు గంటలు కదలకుండా పడుకున్నడు. ఆ రెండు రోజులు నేను ఎందుకు ఆపిన అన్నదే ఇప్పటికీ నన్ను తినేస్తది. మీరు ఆపకండి.

వార్డు_సిస్టర్ | మంగళవారం, ఉదయం 5:45

నైట్ డ్యూటీ ఇప్పుడే అయింది. పద్నాలుగేళ్లుగా పిల్లల క్యాన్సర్ వార్డులో పనిచేస్తున్నాను. అమ్మా, మీరు రాసినదాంట్లో నన్ను పట్టుకున్న మాట ఒకటే, "ఏడవడం కూడా మానేసింది" అన్నది. ఏడ్చే పిల్ల దగ్గరికి అందరూ పరుగెత్తుతారు. గోడవైపు తిరిగి, బొమ్మ ముట్టుకోకుండా, పిలిస్తే పలకకుండా పడుకున్న పిల్లని "బాగా ఓర్చుకుంటోంది, బంగారం" అని మెచ్చుకుని వెళ్లిపోతారు. నా అనుభవంలో ఆ పిల్లలకే నొప్పి ఎక్కువ.

అందుకే మేం లెక్క రాస్తాం. మాటలు రాని పిల్లలకి, చెప్పలేనివాళ్లకి ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఊరడిస్తే ఊరుకుంటున్నారా లేదా అనే ఐదింటికీ సున్నా నుంచి రెండు దాకా మార్కులు వేసి మొత్తం పదికి కడతాం. ఫ్లాక్ స్కేల్ అంటారు. మీ పాప వయసువాళ్లకి ముఖాల బొమ్మలుంటాయి. మామూలు ముఖం నుంచి బాగా నొప్పి ఉన్న ముఖం దాకా వరసగా ఉంటాయి, "నీ నొప్పి ఏ బొమ్మంత ఉంది?" అని అడిగితే వేలు పెట్టి చూపిస్తారు. నోరు తెరవక్కర్లేదు కదా, మీ పాపకి ఇది బాగా పనికొస్తుంది. ఒక నోట్‌బుక్ తీసుకుని నాలుగు గంటలకోసారి టైము, పాప చూపించిన బొమ్మ, ఇచ్చిన మందు, గంట తర్వాత ఎలా ఉందో రాయండి. రౌండ్స్‌లో "పాపకి బాగా నొప్పిగా ఉందండీ" అంటే ఒకలా వింటారు. "రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా ఎనిమిది కంటే తగ్గలేదు" అని పుస్తకం చూపిస్తే ఇంకోలా వింటారు. అలా ఉండకూడదు, కానీ నేను చూసింది అదే.

ఇంకో ముఖ్యమైన సంగతి. కౌంట్స్ తక్కువగా ఉన్నప్పుడు మీ సంచిలో ఉన్న పారాసిటమాల్ మీ అంతట మీరు వేయకండి. ముందు టెంపరేచర్ చూపించండి. జ్వరం కనబడకుండా పోతే ఇన్ఫెక్షన్ ఆలస్యంగా తెలుస్తుంది. బ్రూఫెన్ రకం మందులు అసలు వద్దు, ప్లేట్‌లెట్లు తక్కువ ఉన్నప్పుడు రక్తం కారే ప్రమాదం ఉంది. మోషన్ కాకపోతే ఇంట్లో చేసినట్టు సబ్బు ముక్క, ఎనిమా లాంటివి వద్దు.

నోటికి సెలైన్ నీళ్లు గానీ మీ వార్డులో ఇచ్చే సోడా బైకార్బ్ నీళ్లు గానీ రోజుకి నాలుగైదు సార్లు. పుక్కిలించలేకపోతే మెత్తటి గాజుగుడ్డ తడిపి అద్దండి. తేనె, పటిక, ఊళ్లో చెప్పే పసర్లు ఏవీ పెట్టొద్దు. మందు ఇచ్చిన అరగంటకి, కాస్త ఉపశమనం వచ్చాక నోరు శుభ్రం చేయండి. ముందే చేస్తే పాప మిమ్మల్ని దగ్గరికి రానివ్వదు.

అమ్మమ్మ_తెనాలి | మంగళవారం, ఉదయం 8:10

అమ్మాయ్, నీ బాధ చదివి రాత్రి నుంచి మనసు మనసులో లేదు. నా మనవడు కూడా ఆసుపత్రుల్లోనే పెరిగాడు. అయినా నాకో అనుమానం, తప్పుగా అనుకోవద్దు. మార్ఫిన్ అంటే నల్లమందు జాతే కదా. పసిపిల్లకి అలవాటు పడితే రేపు ఎలా? మా రోజుల్లో చిన్నపిల్లలకి నొప్పి అంతగా తెలియదు, తెలిసినా గుర్తుండదు అనేవాళ్లు. పెద్ద డాక్టర్లే అనేవాళ్లు.

పిల్లల_వైద్యం_గుంటూరు | మంగళవారం, మధ్యాహ్నం 1:30

అమ్మమ్మ గారూ, మీరు అడిగింది ప్రతి ఇంట్లోనూ అడిగేదే. నేను పిల్లల డాక్టర్‌ని, అందుకని కాస్త వివరంగా రాస్తాను.

డాక్టర్లే అలా అనేవారన్నది నిజం. 1980ల దాకా ధనిక దేశాల్లో కూడా నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి, కదలకుండా ఉండే మందు ఇచ్చి, నొప్పి తెలియకుండా చేసే మందు సరిగా ఇవ్వకుండానే ఆపరేషన్లు చేసేవారు. మన దేశం నుంచి వెళ్లిన కన్వల్‌జీత్ ఆనంద్ అనే డాక్టర్ ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేస్తూ 1987లో లాన్సెట్ పత్రికలో తన అధ్యయనం ప్రచురించారు. ఫెంటనిల్ అనే నొప్పి మందు ఇచ్చిన పసికందుల ఒంట్లో ఒత్తిడి తక్కువగా ఉంది, ఆపరేషన్ తర్వాత ఇబ్బందులూ తక్కువయ్యాయి. అంటే పసిపిల్లకి నొప్పి తెలుస్తుంది, ఆ నొప్పి ఒంటికి హాని కూడా చేస్తుంది. ఆ రోజుల్లో విన్న మాటలు మన ఇళ్లలో ఇంకా తిరుగుతున్నాయి, మీ తప్పేమీ లేదు.

నల్లమందు జాతి అన్నదీ నిజమే. మనం కూరల్లో వేసుకునే గసగసాలు కాసే మొక్క పాల నుంచే మార్ఫిన్ తీస్తారు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో పండిస్తారు. పంట మన దగ్గరే ఉన్నా, 1985లో మత్తుమందుల చట్టం వచ్చాక రాష్ట్రానికో రకం లైసెన్సుల చిక్కులతో ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడమే మానేశాయి. ఒక తరం డాక్టర్లు దాన్ని వాడటం నేర్చుకోకుండానే చదువు ముగించారు. 2014లో చట్టం సవరించి, గుర్తింపు పొందిన ఆసుపత్రులు తేలికగా తెచ్చుకునేలా చేశారు. అయినా చాలా చోట్ల ఇప్పటికీ దొరకదు. మీ ఆసుపత్రిలో దొరుకుతోంది, వాడటం తెలిసినవాళ్లు ఉన్నారు. నాకు అది పెద్ద విషయంగా కనిపిస్తోంది.

అలవాటు గురించి. వ్యసనం అంటే నొప్పి లేకపోయినా మందు కోసం వెంపర్లాడటం. నొప్పి ఉన్న పిల్లకి లెక్కప్రకారం ఇచ్చినప్పుడు అది రావడం చాలా అరుదు. వారం, పది రోజులు వాడితే శరీరం మందుకి అలవాటు పడుతుంది, అది వేరే సంగతి. అందుకే ఒక్కసారిగా ఆపకుండా తగ్గిస్తూ తీసేస్తారు. నల్గొండ నాన్నగారి అబ్బాయికి చేసింది అదే.

ఇక "ఆఖరి మందు" అన్న భయం. మందుని జబ్బు ఏ దశలో ఉందో చూసి ఎంచరు, నొప్పి ఎంత ఉందో చూసి ఎంచుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో పిల్లల నొప్పికి రెండే మెట్లు చెప్పింది. కొంచెం నొప్పికి పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ (అదే బ్రూఫెన్, సిస్టర్ గారు చెప్పినట్టు మీ పాపకి మాత్రం వద్దు). అంతకు మించితే నేరుగా మార్ఫిన్. అంతకు ముందు మధ్య మెట్టుగా ఉన్న కోడీన్‌ని పిల్లలకి తీసేశారు, ఎందుకంటే అది ఒంట్లో మార్ఫిన్‌గా మారాలి, ఒక్కో పిల్లలో ఒక్కోలా మారుతుంది. కొందరికి పనిచేయదు, కొందరికి ప్రమాదమయ్యేంత ఎక్కువవుతుంది. మీ అత్తగారికి ఆఖర్లో ఇచ్చారంటే ఆమె నొప్పి అప్పుడు అంత ఉంది కాబట్టి. మీ పాపకి జబ్బు ముదిరి కాదు, మందు వల్ల నోరు పూసి నొప్పి వచ్చింది.

ఏమేం గమనించాలో కూడా చెప్తాను. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటుంది. ఇన్ని రాత్రులు నిద్రలేని పిల్ల కాబట్టి ఆ నిద్ర కొంత బాకీ తీరడమే. వాంతి, దురద రావచ్చు, మందులున్నాయి. మలబద్ధకం మాత్రం దాదాపు తప్పకుండా వస్తుంది, దానంతట అది తగ్గదు. మార్ఫిన్ మొదలైన రోజే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా మొదలుపెట్టమని అడగండి. పిలిచినా కదిపినా లేవనంత మగత, ఊపిరి బాగా నెమ్మదించడం కనిపిస్తే వెంటనే సిస్టర్‌ని పిలవండి. డ్రిప్ మీద ఉన్న పిల్లని వాళ్లు కనిపెట్టుకునే ఉంటారు, విరుగుడు మందు నలోక్సోన్ దగ్గరే ఉంటుంది.

డోసు ఇక్కడ ఎవరూ రాయకండి. బరువునిబట్టి, రోజుని బట్టి వాళ్ల డాక్టరే చూడాలి.

సిక్కోలు_అమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 2:15

డాక్టర్ గారూ, మీరు రాసింది మా ఆయనకి ఫోన్లో చదివి వినిపించాను. అటు నుంచి చాలాసేపు మాట లేదు. తర్వాత "అమ్మకి నొప్పి ముందు నుంచే ఉందా, అంతకు ముందు ఎందుకు ఇవ్వలేదు వాళ్లు" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఈ రోజే ఆమదాలవలసలో రైలెక్కుతున్నారు. తనే వచ్చి డాక్టర్‌తో మాట్లాడతారట.

వార్డు_సిస్టర్ | మంగళవారం, మధ్యాహ్నం 2:40

ఆయన వచ్చేదాకా ఆగకమ్మా. రేపటి దాకా అంటే ఇంకో రాత్రి. ఇప్పుడే డాక్టర్ రూమ్‌కి వెళ్లి ఫోన్ కలిపి ఇవ్వండి, ఐదు నిమిషాలు ఆయనతో మాట్లాడమని అడగండి. కాదనరు.

కొండగాలి | మంగళవారం, సాయంత్రం 6:05

మాది పాడేరు దగ్గర. మా బాబుకి పదకొండేళ్లు, సికిల్ సెల్. క్యాన్సర్ కాదు గానీ నొప్పి సంగతి కాబట్టి రాస్తున్నాను.

ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. రక్తం అందని చోట ఎముక లోపల నుంచి నొప్పి వస్తుంది. బయటికి ఏమీ కనపడదు, వాపు ఉండదు, గాయం ఉండదు. పోయిన ఏడాది చలికాలంలో రాత్రి పూట ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడ డ్యూటీలో ఉన్నాయన "ఎక్స్‌రేలో ఏమీ లేదు, బడి ఎగ్గొట్టడానికి నటిస్తున్నాడు" అన్నారు. నా కొడుకు అది విన్నాడు. ఆ తర్వాత రెండుసార్లు నొప్పి వచ్చినా మాకు చెప్పలేదు. రెండోసారి చెప్పేసరికి ఛాతీలోకి పాకింది, ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. నొప్పిని నమ్మకపోతే జరిగేది ఇదే.

ఇప్పుడు మా డాక్టరమ్మ ఒక కాగితం రాసిచ్చారు. జబ్బు పేరు, బరువు, రోజూ వేసే హైడ్రాక్సీయూరియా, నొప్పి వస్తే ఏ మందు ఎంత, ఇంతకు ముందు దేనికి తగ్గింది, అన్నీ అందులో ఉంటాయి, కింద సంతకం, ముద్ర. ప్లాస్టిక్ కవర్లో పెట్టి బాబు బడిసంచిలోనే ఉంచాం. ఎక్కడికి వెళ్లినా ముందు అది చేతికిస్తాను. మాట కంటే కాగితానికి విలువ ఎక్కువ. చెల్లెమ్మా, మీరూ ఇలాంటిది అడిగి తీసుకోండి. రేపు ఊరికి వెళ్లినప్పుడు రాత్రిపూట జ్వరమో నొప్పో వస్తే అక్కడి డాక్టర్‌కి ఏం తెలుస్తుంది?

మాలాంటి వాళ్లెవరైనా చదువుతుంటే ఒక మాట. సికిల్ నొప్పికి ఐస్ పెట్టకండి, ఇంకా ఇరుక్కుంటుంది. గోరువెచ్చటి కాపడం, బాగా నీళ్లు తాగించడం. 2023 నుంచి జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద ఏజెన్సీలో రక్తపరీక్షలు చేస్తున్నారు, పిల్లలందరికీ చేయించండి.

సిక్కోలు_అమ్మ | బుధవారం, సాయంత్రం 7:30

నిన్న సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టారు. సిస్టర్ గారూ, మీరు చెప్పినట్టే ఫోన్ కలిపి ఇచ్చాను. డాక్టర్ గారు మా ఆయనతో ఐదు నిమిషాలు కాదు, ఇరవై నిమిషాలు మాట్లాడారు.

పాప ఏడింటికి నిద్రపోయింది. నేను నిద్రపోలేదు, ఊపిరి చూస్తూ కూర్చున్నాను. తెల్లవారి మూడింటికి లేచి "అమ్మా దాహం" అంది. నాలుగు రోజుల తర్వాత మొదటి మాట. చెంచాతో నీళ్లు పోస్తే ఆరు చెంచాలు మింగింది. మా ఆయన పొద్దున్నే వచ్చారు. మంచం పక్కన నిలబడి చాలాసేపు చూశారు. తర్వాత బయట వరండాలోకి వెళ్లి కూర్చున్నారు. వాళ్లమ్మ గురించి ఏడ్చారు, పాప గురించి కాదు.

ఒకటి అడగాలి. వచ్చే సోమవారం వెన్నులో ఇంజక్షన్ ఉంది. కిందటిసారి నలుగురు పట్టుకున్నారు. ఆ గది గుమ్మం చూస్తేనే వణికిపోతోంది. మత్తు ఇవ్వరా దానికి?

నల్గొండ_నాన్న | బుధవారం, రాత్రి 9:00

ఇస్తరు చెల్లీ, కొన్ని చోట్ల అడిగితేనే ఇస్తరు. మావాడికి మొదట్ల ఇట్లనే పట్టుకున్నరు. తర్వాత ఇంకో పిల్ల తల్లి చెప్తే అడిగినం. కెటమిన్, మిడజోలమ్ ఇచ్చి చేసిండ్రు. లేచినంక "అయిపోయిందా?" అన్నడు.

వార్డు_సిస్టర్ | గురువారం, ఉదయం 6:20

మత్తు డాక్టర్ ఉండే రోజుకి మార్చగలరేమో ఈ రోజే అడగండి, సోమవారం పొద్దున్న కాదు. మత్తు ఇచ్చేటట్టయితే ఆరు గంటల ముందు నుంచి పాలు, అన్నం ఏదీ పెట్టకూడదు. మంచినీళ్లు ఎప్పటిదాకా ఇవ్వచ్చో వాళ్లనే అడగండి. ఆకలికి ఏడుస్తుంది కాబట్టి లిస్టులో మొదటి పేరు పాపదే వేయమని కూడా అడగండి.

మత్తు కుదరకపోతే, సూది గుచ్చే చోట గంట ముందు లిడోకేన్, ప్రిలోకేన్ కలిసిన క్రీము మందంగా రాసి, పైన ప్లాస్టిక్ అతికిస్తారు. చర్మం మొద్దుబారుతుంది. చేతికి క్యానులా (మందు ఎక్కించే సన్న గొట్టం) పెట్టేటప్పుడు కూడా వాడచ్చు. పది నిమిషాలు ముందు రాస్తే లాభం లేదు, గంట ఉండాలి.

తల్లులందరికీ చేతులు జోడించి చెప్తున్నాను. "అన్నం తినకపోతే సిస్టర్‌తో సూది వేయిస్తా" అనకండి. రోజూ వింటాం ఈ మాట. మేం మందు ఇవ్వడానికి వెళ్లినా ఆ పిల్ల మంచం కిందికి దూరుతుంది. అలాగే "నొప్పి ఉండదమ్మా" అని అబద్ధం చెప్పకండి. చీమ కుట్టినట్టు ఉంటుంది, పది లెక్కపెట్టేసరికి అయిపోతుంది, నేను పక్కనే ఉంటాను అని చెప్పండి. క్యానులా పెట్టేటప్పుడు మంచం మీద వెల్లకిలా అదిమిపెట్టే బదులు మీ ఒళ్లో, మీ గుండెకి ఆనించి కూర్చోబెట్టుకుంటామని అడగండి. సబ్బునీళ్ల బుడగలు ఊదించండి. ఊదేటప్పుడు ఊపిరి దానంతట అదే నెమ్మదిస్తుంది.

మల్లెతీగ | గురువారం, రాత్రి 10:48

ఇక్కడ రాయాలా వద్దా అని మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను. సిక్కోలు చెల్లీ, నా కథ నీ కథ కాదు. నీ పాప నోటిపూత మానుతుంది. అది మనసులో పెట్టుకుని చదువు, వద్దనిపిస్తే ఇక్కడే ఆపేయి.

మా బాబు రెండేళ్ల కిందట పోయాడు. కాలి ఎముకలో గడ్డ, ఊపిరితిత్తులకి వెళ్లింది. ఇక కీమో పనిచేయదని చెప్పాక హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) వాళ్ల దగ్గరికి పంపారు. ఆ మాట వినగానే నేనూ అందరిలాగే, ఇక వదిలేశారు అనుకున్నాను. అక్కడ డాక్టరమ్మ నన్ను కాదు, ముందు వాడిని అడిగారు. "నీకు ఇప్పుడు అన్నిటికంటే ఇబ్బంది ఏంటి నాన్నా?" అని. వాడు "పడుకుంటే కాలు నొప్పి, కూర్చుంటే ఆయాసం, అందుకని రాత్రంతా కూర్చునే ఉంటున్నా" అన్నాడు. ఆ సంగతి నాకే తెలియదు. నేను పడుకున్నాక లేచి కూర్చునేవాడట, నా నిద్ర చెడుతుందని.

మార్ఫిన్ నోటి మందు నాలుగు గంటలకోసారి ఇచ్చాం, ఇంట్లోనే. ఐదు నెలలు. మార్ఫిన్ మా వాడిని తీసుకెళ్లలేదు. ఆ ఐదు నెలల్లో చెల్లితో క్యారమ్స్ ఆడాడు, మేడ మీద పతంగి ఎగరేశాడు, వాళ్ల తాతకి ఫోన్లో ఫొటోలు పంపడం నేర్పాడు. నొప్పితో ఉంటే ఇవేవీ ఉండేవి కావు. ఆఖరి వారం ఇంట్లో చూసుకోలేకపోతే ఏం చేయాలో కూడా ముందే మాట్లాడారు, ఆఖరి రోజుల్లో ఉన్నవాళ్లని చూసుకునే స్పర్శ్ హాస్పైస్ గురించి చెప్పారు, అక్కడ డబ్బు తీసుకోరు. మాకు ఆ అవసరం రాలేదు. నా ఒళ్లోనే.

తర్వాత వాళ్లే చెప్పారు, పాలియేటివ్ కేర్ జబ్బు తెలిసిన రోజు నుంచే, బాగయ్యే పిల్లలకి కూడా కీమోతోపాటు ఇవ్వచ్చని. మాకు ఏడాదిన్నర ముందే ఎవరైనా చెప్పి ఉంటే వాడు అన్ని రాత్రులు కూర్చుని ఉండేవాడు కాదు.

అమ్మమ్మ_తెనాలి | శుక్రవారం, ఉదయం 7:15

మల్లెతీగా, తల్లీ, నీ చెయ్యి పట్టుకుని కూర్చున్నాననుకో. నేను మంగళవారం రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను.

సిక్కోలు_అమ్మ | శుక్రవారం, మధ్యాహ్నం 3:20

మల్లెతీగ అక్కా, పూర్తిగా చదివాను. మా ఆయన కూడా చదివారు. నిన్న రాత్రి పాప పక్కన ఆయన ఉన్నారు, మొదటిసారి. నాలుగు గంటలకోసారి ఆయనే లేచి బొమ్మలు చూపించి పుస్తకంలో రాశారు.

మూడు రోజులైనా మోషన్ కాలేదు, కడుపు గట్టిపడి కొత్త ఏడుపు మొదలైంది. విరేచనం మందు రాయడం మర్చిపోయారట, నేనూ అడగడం మర్చిపోయాను. నిన్న లాక్టులోజ్ మొదలుపెట్టారు, ఈ రోజు పొద్దున్న అయింది. విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు వల్ల కూడా పేగులు నెమ్మదిస్తాయని ఇక్కడి సిస్టర్ చెప్పారు. ఎవరైనా ఇది చదివితే మొదటి రోజే అడగండి.

నల్గొండ_నాన్న | శుక్రవారం, సాయంత్రం 5:00

డిశ్చార్జ్ అయినంక ఉండటానికి చోటు ఉందా చెల్లీ? మీ ఆసుపత్రి సోషల్ వర్కర్‌ని సెయింట్ జ్యూడ్ సెంటర్ గురించి అడగండి. హైదరాబాద్‌ల ఉంది. ట్రీట్‌మెంట్‌కి వచ్చిన పిల్లల కుటుంబాలకి ఉచితంగా గది ఇస్తరు, ఆసుపత్రి వాళ్లే రాసి పంపాలె. విశాఖలో కూడా ఉంది. రైలు రాయితీ కాగితం కూడా తీసుకోండి, క్యాన్సర్ పిల్లలకి స్లీపర్, థర్డ్ ఏసీల ఛార్జీ ఉండదు.

సిక్కోలు_అమ్మ | ఆదివారం, ఉదయం 9:40

కౌంట్స్ పెరుగుతున్నాయి. డ్రిప్ నిన్నటి నుంచి తగ్గిస్తున్నారు. పెదవుల మీద పొక్కులు రాలిపోయి లోపల గులాబీ రంగు చర్మం వస్తోంది. పొద్దున్న చల్లారిన రాగిజావ అరగ్లాసు తాగింది. పుస్తకంలో బొమ్మలు ఇప్పుడు పాపే గీస్తోంది. ఈ రోజు రెండో బొమ్మకి వాళ్ల నాన్న మీసం పెట్టింది.

రేపు వెన్ను ఇంజక్షన్‌కి మత్తు ఇస్తామన్నారు. ఎనిమిదింటికి రమ్మన్నారు.

వార్డు_సిస్టర్ | ఆదివారం, ఉదయం 10:05

ఎనిమిదంటే రాత్రి రెండు తర్వాత జావ, పాలు ఏమీ పెట్టకండి. ఒంటిగంటకి లేపి ఏదైనా తాగించి పడుకోబెట్టండి. నోట్‌బుక్ తీసుకెళ్లండి, మత్తు డాక్టర్‌కి మార్ఫిన్ ఎంత తగ్గించారో అందులో చూపించాలి.